పేట ఆరోగ్య సమితిని పనిచేయించడం ఎలా

పట్టణ ఆరోగ్య కేంద్రం ఎలా నడవాలో చెప్పే అధికారం పేటవాసులకు కాగితం మీద ఎప్పుడో వచ్చింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం బస్తీల్లో 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి. 10–12 మంది సభ్యులు, కార్యదర్శిగా ఆశా కార్యకర్త, ఏటా 5,000 రూపాయల నిధి. మీ పేటలో అది నడుస్తోందా అన్నది తెలుసుకోవాలంటే మినిట్స్ పుస్తకం (మీటింగులో ఏం అనుకున్నారో రాసేది), బ్యాంకు పాస్‌బుక్ చూపించమని ఆశాను అడగండి. ఆ రెండూ చూస్తే సంగతి అర్థమైపోతుంది.

సభ్యుల్ని పొదుపు సంఘాల నుంచి తీసుకుంటే పని సులువు. లెక్క రాయడం, తీర్మానం చేయడం వాళ్లకు అలవాటే. అయితే అందరూ ఒకే వీధివాళ్లో, కార్పొరేటర్ మనుషులో అయితే అవసరం ఎక్కువున్న ఇళ్ల మాట సమితి దాకా రాదు. విజయవాడలో మొగల్రాజపురం, గుణదల లాంటి చోట్ల కొండ పైవరసలో ఉండే ఒకరిద్దరు తప్పనిసరిగా ఉండాలి. నెలలు నిండిన గర్భిణి అన్ని మెట్లు దిగి కేంద్రానికి ఎలా వెళ్తుందో కింద రోడ్డు పక్కన ఉండేవాళ్లకు తట్టదు. గుంటూరులో మిర్చి సీజన్‌లో తొడిమలు తీసే పనికి పొద్దున్నే వెళ్లిపోయే ఆడవాళ్లకు పగటి మీటింగు కుదరదు. రాత్రి ఏడు దాటాక పెట్టండి, గంటలో ముగించండి. డాక్టరునో, కార్పొరేటర్‌నో మొదటి అరగంట పిలవకండి. వాళ్లు ఎదురుగా కూర్చుంటే ఆడవాళ్లు ఫిర్యాదు మింగేస్తారు. అందరి మాటా పుస్తకంలోకి ఎక్కాకే వాళ్లను లోపలికి రమ్మనండి.

అన్నిటికంటే ముందు మందుల పుస్తకం మొదలుపెట్టండి. ఒక నోటుబుక్కులో ఐదు గడులు: తేదీ, ఓపీ చీటీ నంబరు, రాసిన మందు, ఇచ్చినవి, బయట కొన్నవి. ఉదాహరణకు ఒక వరుస ఇలా ఉంటుంది: షుగరు మందు మెట్‌ఫార్మిన్ 500, రోజుకు రెండు, నెలకు రాసినవి 60, ఇచ్చినవి 20, బయట కొన్నవి 40. మనిషి పేరు మాత్రం రాయకండి. మందును బట్టి జబ్బు తెలిసిపోతుంది, ఫలానా వాళ్లకు టీబీ అని పేటంతా పాకితే ఆ ఇంటివాళ్లు ఇంకెప్పుడూ నోరు విప్పరు.

ఈ పుస్తకం ఎందుకంటే, మందుల ఇండెంట్, అంటే ఏ మందు ఎంత కావాలో కేంద్రం పైకి పంపే జాబితా, సాధారణంగా గత నెలల వాడకం చూసి పెడతారు. లేని మందు వాడకం లెక్కలోకి ఎక్కదు. లెక్కలో లేదు కాబట్టి వచ్చే విడత కూడా తక్కువే వస్తుంది. దొరకదని జనం రావడం మానేస్తే కొరత మరీ కనపడకుండా పోతుంది. ఆ కనపడని కొరతను చూపించేది మీ పుస్తకమే. నెలాఖరున మందువారీగా మొత్తం కూడి, ఇండెంట్ వెళ్లకముందే మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వండి. ‘మందులు సరిగా ఇవ్వట్లేదు’ అంటే ‘చూస్తాం’ అంటారు. ‘ఈ మందు 14 మందికి పూర్తిగా అందలేదు, 380 మాత్రలు బయట కొన్నాం’ అని అంకెలు పెడితే జవాబు చెప్పక తప్పదు.

సమితి నిధితో ఆ మందులు కొనకండి. ఒకసారి కొన్నారంటే కొరత ఉన్నట్టు రికార్డే ఉండదు. పేట శుభ్రతకో, అత్యవసరంలో పేదవాళ్ల ఆటో ఖర్చుకో తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, ఓచరు దాచి ఖర్చు చేయండి.

నీళ్ల సంగతి మాత్రం డాక్టరు చేతిలో లేదు, కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగానిది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాల్లో నీళ్లు కలుషితమై డయేరియాతో ప్రాణాలు పోయాయి. విడతలవారీగా నీళ్లిచ్చే చోట పైపులో ఒత్తిడి పడిపోగానే అది పక్కనున్న మురుగును లీకుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. అందుకే లైను చివరి ఇంట్లో, నీళ్లు వదిలిన కాసేపటికే, నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగును బట్టి చెప్పే ఓటీ టెస్టు చేయించండి. క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. చుక్కలు వేయగానే రంగు చూడాలి, ఆలస్యమైతే పసుపు ముదిరి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ట్యాంకు దగ్గర చేసిన టెస్టును మీ వీధి టెస్టుగా ఒప్పుకోకండి.

ఖాళీ పోస్టుల గురించైతే తీర్మానం జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి వెళ్లాలి. ఒక తీర్మానంలో ఒకే విషయం, ఒకే అధికారి, ఒక గడువు రాయండి. ఐదు సమస్యలు ఒకే అర్జీలో పెడితే అది ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరుగుతూనే ఉంటుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

గడువు దాటినా జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ ముద్ర ఉన్న ప్రతిని జతచేసి అర్జీ ఇవ్వండి. దాంతోపాటు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ‘మందులు ఎందుకు లేవు’ అని అడగకండి. ‘ఫలానా మూడు నెలల స్టాక్ రిజిస్టర్, ఇండెంట్ల నకళ్లు ఇవ్వండి’ అని రాయండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే అక్కడి నుంచి 30 రోజుల్లోపు అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయాలి. నకళ్లు చేతికొచ్చాక మీ పుస్తకం పక్కన పెట్టుకుని, తేదీల వారీగా పోల్చి, తేడా ఉన్న ప్రతి వరుస కిందా గీత గీసి తర్వాతి మీటింగులో పైకి చదవండి.