ప్రోటీన్ మీది చక్కెర గొలుసులను ఎంజైమ్‌తో తీసేయడం ఎలా?

లెక్క ప్రకారం 50 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకు కొలమానం) దగ్గర రావాల్సిన ప్రోటీన్, బరువును బట్టి ప్రోటీన్లను వేరుచేసే జెల్ మీద 65 దగ్గర మసకగా, వెడల్పుగా పరుచుకుని ఉందనుకోండి. అలాంటప్పుడు నేను మొదట అనుమానించేది దానికి అతుక్కున్న చక్కెర గొలుసులను, అంటే గ్లైకాన్లను. అనుమానం నిజమో కాదో ఒక్క పూటలో తేల్చుకోవచ్చు.

ముందు ప్రోటీన్ అమైనో ఆమ్లాల వరుస చూడండి. ఆస్పరజీన్, దాని తర్వాత ప్రోలీన్ కాకుండా ఏదో ఒకటి, ఆపైన సెరీన్ లేదా థ్రియోనీన్ ఉంటే అక్కడ ఎన్-గ్లైకాన్, అంటే ఆస్పరజీన్ నత్రజనికి అతుక్కున్న గొలుసు, ఉండే వీలుంది. ఉండి తీరాలని మాత్రం లేదు.

ఎన్-గ్లైకాన్లకు పీఎన్‌గేస్ ఎఫ్ అనే ఎంజైమ్‌తో మొదలుపెట్టండి. ఇది గొలుసును మొదలంటా కోసేస్తుంది. మొక్కల్లో, కీటకాల్లో గొలుసు మొదట్లో ఆల్ఫా-1,3 బంధంతో ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు బాదం గింజల్లో దొరికే పీఎన్‌గేస్ ఎ కావాలి.

ఇక అసలు పని. 10 నుంచి 20 మైక్రోగ్రాముల ప్రోటీన్‌ను 10 మైక్రోలీటర్లలో తీసుకుని, 0.5 శాతం ఎస్‌డీఎస్ (మడతలు విప్పే డిటర్జెంట్), 40 మిల్లీమోలార్ డీటీటీతో (డైసల్ఫైడ్ బంధాలు తెంచేది) 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 10 నిమిషాలు వేడి చేయండి. మడతలు విప్పుకుంటేనే ఎంజైమ్‌కి గొలుసు అందుతుంది. చల్లారాక, మూతకు అంటిన చుక్కలు కిందికి దిగేలా ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో ఒక్కసారి తిప్పండి. తర్వాత పది రెట్ల గాఢత ఉన్న, పీహెచ్ 7.5 ఫాస్ఫేట్ బఫర్ 2 మైక్రోలీటర్లు, పది శాతం ఎన్‌పీ-40 (మరో రకం, మృదువైన డిటర్జెంట్) 2 మైక్రోలీటర్లు, నీళ్లు 5 మైక్రోలీటర్లు, చివర్న ఎంజైమ్ 1 మైక్రోలీటర్ వేసి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచండి. ఆ తర్వాత జెల్ మీద నడిపి చూడండి.

ఎన్‌పీ-40 మాత్రం మరవొద్దు. ఎస్‌డీఎస్ ఈ ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు, ఆ దెబ్బను ఆపేది ఎన్‌పీ-40నే. ఒకసారి నేను అది వేయడం మరిచిపోయి, బ్యాండ్ కదల్లేదు కాబట్టి గ్లైకాన్లే లేవని రెండు రోజులు నమ్మాను.

అందుకే జెల్ మీద పోల్చి చూసుకునే పక్క వరుసలు ముఖ్యం. ఎంజైమ్ వేయకుండా అదే వేడి, అదే బఫర్ చూసిన ప్రోటీన్ ఒకటి. ఎన్-గ్లైకాన్ ఉందని ముందే తెలిసిన ఆర్‌ఎన్‌ఏజ్ బి అనే ప్రోటీన్ ఒకటి: ఎంజైమ్ బాగుంటే అది దాదాపు 17 నుంచి 14 కిలోడాల్టన్లకు దిగుతుంది. ఎంజైమ్ మాత్రమే ఉన్న వరుస ఇంకొకటి, ఎందుకంటే 36 దగ్గర దాని సొంత బ్యాండ్ పడుతుంది, అది చూసి కొత్త ముక్క వచ్చిందని టెన్షన్ పడతారు.

బ్యాండ్ కిందికి దిగి, సన్నగా పదునెక్కితే గ్లైకాన్లు ఉన్నట్టే. ఆర్‌ఎన్‌ఏజ్ బి దిగి మీ ప్రోటీన్ కదలకపోతే ఓ-గ్లైకాన్ల వైపు, అంటే సెరీన్ లేదా థ్రియోనీన్ ఆక్సిజన్‌కు అతుక్కున్న గొలుసుల వైపు, చూడండి. వాటన్నిటినీ ఒకేసారి కోసే ఎంజైమ్ లేదు. సియాలిడేజ్ అనే ఎంజైమ్‌తో గొలుసు చివర్న ఉండే సియాలిక్ ఆమ్లాలు (ఒక రకం చక్కెరలు) తీసేశాకే ఓ-గ్లైకోసిడేజ్ పనిచేస్తుంది, అదీ కొన్ని చిన్న గొలుసుల మీదే.

ప్రోటీన్ కణంలో ఎంత దూరం వెళ్లిందో తెలియాలంటే ఎండో హెచ్ అనే ఎంజైమ్ వాడండి. అది ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో ఉండే మ్యానోజ్ ఎక్కువున్న గొలుసులను కోస్తుంది. దాని తర్వాతి మజిలీ అయిన గాల్జీలో అవి సంక్లిష్టంగా మారాక కోయలేదు.

అణువుల బరువు కచ్చితంగా కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. పీఎన్‌గేస్ ఎఫ్ కోసిన చోట ఆస్పరజీన్ ఆస్పార్టిక్ ఆమ్లంగా మారి, బరువు 0.98 డాల్టన్లు పెరుగుతుంది. ఎంజైమ్ లేకుండా ఆస్పరజీన్ దానంతటదే అలా మారే డీఅమిడేషన్‌లోనూ అంతే పెరుగుతుంది, కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆక్సిజన్-18 ఉన్న నీళ్లలో చర్య జరిపితే కోసిన చోట సుమారు 3 డాల్టన్లు పెరుగుతుంది, అంతకు ముందే మారినవి 0.98 దగ్గరే ఆగుతాయి.