మిద్దెతోటకు తొలి పనిముట్లు: ఏవి కొనాలి, ఎలా పరీక్షించాలి

పనిముట్లు కొనడానికి బయలుదేరే ముందు మన మొక్కలు ఏ మట్టిలో పెరగబోతున్నాయో తేల్చుకోవాలి. హైదరాబాద్‌లో బాల్కనీలోనో డాబా మీదనో కుండీలు, గ్రో బ్యాగులు పెట్టుకునేవారు సాధారణంగా ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి నింపుతారు కాబట్టి ఆ మట్టి చేత్తో కదిపినా కదులుతుంది. పెరట్లోనో శివారు కాలనీలోని ఖాళీ జాగాలోనో నేలలో నాటేవారికి మాత్రం చాలాచోట్ల పైపైన ఉన్న ఎర్రమట్టి దాటగానే మొరం తగులుతుంది, కొన్నిచోట్ల రాయే తగులుతుంది. వీరికి గడ్డపార లేకుండా గుంత దిగదు. కుండీల వారికి దానితో పనే లేదు. పైగా అలాంటి బరువైన వస్తువును డాబా మీదికి ఎక్కించకపోవడమే మేలు, ఎందుకంటే చేయి జారి పడితే వాటర్‌ప్రూఫింగ్ పొర దెబ్బతిని, వానాకాలంలో కింది గది కప్పు చెమ్మ పట్టడం మొదలవుతుంది.

మూడు ముక్కలు, అయిదు ముక్కలు అంటూ రంగురంగుల ప్లాస్టిక్ పిడులతో అమ్మే సెట్లను కొత్తవారికి నేను సిఫారసు చేయను. వాటిలో ఒకటి రెండు తప్ప మిగిలినవి మూలన పడి ఉంటాయి, ఆ ఒకటి రెండు కూడా చాలాసార్లు పలుచని రేకుతో చేసినవై గట్టి మట్టిలో గుచ్చగానే మెడ దగ్గర వంగిపోతాయి. కుండీల తోటకు తొలి ఏడాది ఒక ఖుర్పీ, ఒక కొమ్మల కత్తెర, ఒక నీళ్ల క్యాన్ ఉంటే పని జరిగిపోతుంది.

నగరంలోని నర్సరీల్లో గొంతుక్కూర్చుని పని చేసే మాలీల చేతిలో ఎక్కువగా కనిపించేది ఖుర్పీయే. చదునైన ఇనుప పలక, వంగిన మెడ, పొట్టి కర్ర పిడి ఉన్న ఈ పనిముట్టుతో కలుపు కోయవచ్చు, పైమట్టిని గుల్ల చేయవచ్చు, నారు నాటవచ్చు, మొక్కను వేరుగడ్డతో సహా పైకి లేపవచ్చు. పల్లంగా, గరిటెలా ఉండే ట్రోవెల్ మట్టి ఎత్తిపోయడానికి బాగుంటుంది గాని, ఆ ఒక్క పనికి వంటింట్లో పాతబడిన గిన్నె కూడా సరిపోతుంది.

ఖుర్పీని దుకాణంలోనే పరీక్షించాలి. ముందుగా పిడిని పిడికిట్లో పట్టుకుని చూడండి. వేళ్లు చుట్టూ తిరిగి వచ్చి బొటనవేలిని తాకేంత మందం ఉంటే చేయి త్వరగా అలసిపోదు. తర్వాత పిడిని ఒక చేత్తో, పలకను మరో చేత్తో పట్టుకుని మెలితిప్పాలి. పిడి ఏమాత్రం తిరిగినా, లోపల టకటకమని కదిలినా దాన్ని పక్కన పెట్టేయాలి. కర్రలోకి ఇనుము దిగే చోట పొన్ను, అంటే లోహపు కట్టు, ఉండి తీరాలి. అది లేని పిడి కొన్నాళ్లకు నిలువునా చీలుతుంది. చివరగా పలక మొనను నేలకు ఆనించి కొంచెం బరువు మోపండి. మంచి ఇనుము కాస్త వంగినా తిరిగి నిటారుగా వస్తుంది, రేకు మాత్రం వంగినది వంగినట్టే ఉండిపోతుంది. దట్టంగా రంగు పూసిన వాటిని మరింత జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే రంగు కింద వెల్డింగ్ అతుకు ఎలా ఉందో కంటికి కనబడదు.

కత్తెర విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. కొమ్మల కత్తెరలు ప్రధానంగా రెండు రకాలు. బైపాస్ రకంలో రెండు అలుగులు ఒకదాని పక్కగా ఒకటి జారుతాయి కాబట్టి పచ్చి కొమ్మ శుభ్రంగా తెగుతుంది. ఆన్విల్ రకంలో ఒకే అలుగు చదునైన దిమ్మ మీదికి దిగుతుంది, అది ఎండుకొమ్మకు సరిపోతుంది గాని పచ్చి కాడను నలిపేస్తుంది. నలిగిన చోట నుంచి కుళ్లు పట్టే ప్రమాదం ఎక్కువ. గులాబీ, మందారం, కరివేపాకు పెంచే ఇంటికి బైపాస్ కత్తెరే కొనాలి. మూసినప్పుడు అలుగుల మధ్య సందు కనిపించకూడదు, స్ప్రింగు బిగువుగా ఉండాలి, మధ్యలోని నట్టు విప్పి మళ్లీ బిగించేలా ఉండాలి. రివెట్ కొట్టేసిన కత్తెరను మొద్దుబారాక విప్పి సానబెట్టడం కుదరదు. చిటికెన వేలు లావు కొమ్మ దాకా దీనితో కోయవచ్చు, అంతకు మించితే చిన్న రంపం వాడాలి. కోసేటప్పుడు పదునైన అలుగు చెట్టు మీద మిగిలే భాగం వైపు ఉండేలా పట్టుకోవాలి. పిండినల్లి పట్టిన మందారాన్ని కత్తిరించాక మరో మొక్క దగ్గరికి వెళ్లే ముందు అలుగులను స్పిరిట్‌తో తుడవాలి.

నీళ్ల క్యాన్ కొనేటప్పుడు చాలామంది పెద్దదాని వైపే మొగ్గుతారు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి పది లీటర్ల క్యాన్ నింపితే పది కిలోలు మోయవలసి వస్తుంది. అయిదు లీటర్లది తీసుకుని రెండుసార్లు తిరగడం నడుముకు మంచిది. జల్లు మూత ఊడదీసి కడగడానికి వీలుగా ఉండాలి, లేకపోతే బోరు నీటిలోని ఉప్పు తెల్లగా పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. వెనిగర్‌లో ఒక రాత్రి నానబెడితే అది చాలావరకు కరుగుతుంది. కుండీలు ఎక్కువైతే పైపు తీసుకోవచ్చు గాని, మే నెల ఎండలో డాబా మీద పరిచి ఉంచిన పైపులోని తొలి నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి, వాటిని బకెట్‌లోకి వదిలాకే మొక్కలకు పట్టాలి.

నేలలో నాటేవారు వీటికి తోడు గడ్డపార, పార, ఒక తట్ట తెచ్చుకోవాలి. పారను కామతో సహా భుజం మీద పెట్టుకుని చూసి, సులువుగా లేపగలిగితేనే కొనండి. చేతి తొడుగులు అందరికీ అవసరమే. మామూలు పనికి రబ్బరు పూత ఉన్న నూలు తొడుగులు చాలు, గులాబీ ముళ్లకు తోలువి కావాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటినవారు మట్టిపని మొదలుపెట్టే ముందే డాక్టరును అడగడం మంచిది.

కొత్త సరుకుకు రాణిగంజ్, బేగంబజార్ దుకాణాలు తిరగవచ్చు. పాత సామాను ఎంచగల కన్ను ఉన్నవారికి ఎర్రగడ్డ ఆదివారం సంత ఉంది; అక్కడ దొరికే తుప్పుపట్టిన పాత ఇనుము చాలాసార్లు మెరిసే కొత్త రేకు కంటే గట్టిది. రోడ్డు పక్కన కొలిమి పెట్టుకుని పాత లారీ కమాన్ పట్టీలతో కొడవళ్లు, కత్తులు కొట్టేవారు కనిపిస్తే, ఖుర్పీ కూడా చేసిస్తారేమో అడిగి చూడండి. ఆ ఉక్కు పదును బాగా నిలుపుకుంటుంది.

ఏ పనిముట్టునైనా మట్టి దులిపి, పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు రాసి లోపల పెట్టాలి. వానాకాలంలో రాత్రంతా బయట వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు కనబడుతుంది. ఖుర్పీ అంచు మొద్దుబారితే ఆకురాయితో ఇంట్లోనే పదును పెట్టుకోవచ్చు. బైపాస్ కత్తెరకు మాత్రం ఏటవాలుగా ఉన్న వైపే సానబెట్టాలి. చదునుగా ఉన్న వైపు అరగదీస్తే అలుగుల మధ్య సందు ఏర్పడి, కొమ్మ తెగకుండా మధ్యలో ఇరుక్కుంటుంది.