బాడుగ విమానం: రేటు తర్వాత, ముందు షెడ్డు చూడండి

అనంతపురంలో నాది మోటార్ వైండింగ్ షాపు. నెలకో ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు కారు తీసి, 44వ నంబరు హైవే మీద బెంగళూరు పక్కనున్న జక్కూరు చిన్న విమానాశ్రయం వైపు పోతాను. రెండు సీట్ల చిన్న విమానాన్ని గంట లెక్కన బాడుగకు తీసుకుని నడుపుతాను. బాడుగ కోసం ఫోన్ చేసేవాళ్లంతా మొదట "గంటకు ఎంతన్నా?" అనే అడుగుతారు. అసలు అడగాల్సింది, దాన్ని ఎక్కడ పెడుతున్నారు, చివరిసారి ఎప్పుడు ఎగిరింది అని.

ఎందుకంటే, ఒకసారి (ఎక్కడో చెప్పను) రన్‌వే మీద పరుగు అందుకున్నాక కూడా స్పీడు ముల్లు సున్నా దగ్గరే ఉంది. థ్రాటిల్ లాగేసి బ్రేకు తొక్కాను. దిగి చూస్తే రెక్క కింది పిటో గొట్టం మూతికి మట్టిగూడు కట్టే కందిరీగ మట్టి పూసేసింది. గాలి లోపలికి పోతే కదా స్పీడు చూపించేది! నాలుగు రోజులు తొడుగు వేయకుండా వదిలేశారట. అలాంటప్పుడు పుల్లతో పొడవద్దు, నోటితో ఊదొద్దు. మట్టి ఇంకా లోపలికి పోతుంది, గట్టిగా ఊదితే మీటరే పాడవుతుంది. మెకానిక్ గొట్టం విప్పి శుభ్రం చేయాల్సిందే.

ఓర్వకల్లులో 2,000 మీటర్ల రన్‌వే ఉంది, కడపలోనూ ఎయిర్‌పోర్టు ఉంది, ఒకటి కొనుక్కుని మన వైపే పెట్టుకుందామని నాకూ ఆశే. కానీ బట్ట రెక్కల విమానానికి మన ఎండే శత్రువు. షెడ్డు లేకపోతే కొనకండి. రేకుల షెడ్డయినా పర్వాలేదు, గాలి ఆడాలి. లోపల బిస్కెట్ పొట్లం మరిచిపోతే ఎలుకలొచ్చి వైర్లు కూడా కొరుకుతాయి. కాక్‌పిట్ అద్దం మీది దుమ్మును పొడిబట్టతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి, తర్వాత మెత్తటి నూలుబట్ట. మే నెల ఈదురుగాలికి బయట ఉంచక తప్పకపోతే ముక్కు గాలివైపు తిప్పి, రెండు రెక్కలూ తోకా తాళ్లతో కట్టి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాలి.

పెట్రోలు సంగతి జాగ్రత్త. ఈ తరగతిలో ఎక్కువగా కనిపించేది రోటాక్స్ 912 ఇంజన్. దానికి కంపెనీ ఒప్పుకునే ఇథనాల్ 10 శాతం వరకే, ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నిలవ ఉన్న ట్యాంకులో అదే పెద్ద తలనొప్పి. కాబట్టి ఏం పోశారో అడగండి. ఆవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) అంటే ఇంకా మంచిది, కాకపోతే దాంట్లో సీసం ఉంటుంది, ఆయిల్ తొందరగా మార్చాలి.

ఈ రోటాక్స్‌లో ఆయిల్ చూడడం కూడా కారులో చూసినట్టు కాదు. ఇగ్నిషన్ స్విచ్‌లు రెండూ ఆఫ్‌లో ఉన్నాయని కళ్లతో చూసుకుని, ఆయిల్ ట్యాంకు మూత తీసి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో మెల్లగా తిప్పండి. కాసేపటికి ట్యాంకులోంచి గుడగుడ వినిపిస్తుంది. అప్పుడు కొలత పుల్ల ముంచి చూస్తేనే లెక్క నిజం. వెనక్కి మాత్రం తిప్పొద్దు.

బరువు లెక్క నోటితో కాదు, కాగితం మీద వేయండి. మొత్తం 600 కిలోలు దాటకూడని విమానం ఖాళీగా 350 ఉంటే, మిగిలేది 250. 85 కిలోల మనుషులిద్దరు, 100 లీటర్ల పెట్రోలు (సుమారు 72 కిలోలు) పోతే చేతిలో మిగిలేది 8 కిలోలు. మా బావమరిది ఊరగాయ జాడీ తెస్తానన్నాడు!

ఇక మధ్యాహ్నం ఎండలో అద్దెకు తీసుకోకండి. అనంతపురం సముద్రమట్టానికి 1,100 అడుగుల ఎత్తులో ఉంది. 42 డిగ్రీల వేడిలో గాలి పలచబడి, విమానానికి అది 4,500 అడుగుల పైన ఉన్నట్టే. పరుగు పొడుగవుతుంది, పైకెక్కడం నత్తనడక.

బాడుగ మాట్లాడేటప్పుడు రేటులో పెట్రోలు కలిసుందా, ఇన్సూరెన్స్ ఉన్నా మన చేతి నుంచి ఎంత కట్టాలి, గంటలు ఏ మీటరు మీద అనేవి రాయించుకోండి. హాబ్స్ మీటరు ఇంజన్ నడిచినంతసేపూ తిరుగుతుంది. ట్యాక్ మీటరు ఇంజన్ చుట్ల వేగాన్ని బట్టి లెక్కిస్తుంది. నేల మీద నింపాదిగా పోతుంటే తక్కువ తిరుగుతుంది. టవర్ పిలుపు కోసం పది నిమిషాలు ఆగినా హాబ్స్ ఆగదు. తాళం తిప్పే ముందొకటి, దిగాక ఒకటి, మీటరు ఫోటో తీసుకోండి. తర్వాత ఆ పిటో తొడుగు మీ చేత్తోనే వేసి రండి.