గీజరు మరమ్మతు నేర్చుకుందాం – నాలుగో పాఠం: ఓంలు సరిపోయాయి, ట్రిప్ మాత్రం ఆగలేదు

ఈసారి ట్యాంకులో ఒత్తిడి పెరిగితే నీళ్ళు వదిలే సేఫ్టీ వాల్వు గురించి చెప్పుకోవాల్సింది. అది వచ్చే పాఠానికి జరిగింది. మూడో పాఠంలో మల్టీమీటరుతో నీళ్ళు కాచే కాయిల్ నిరోధం (ఓంలు) కొలవమన్నాక మీ నుంచి వచ్చిన జవాబులు చూస్తే, అలాగే ముందుకి పోవడం పద్ధతి కాదనిపించింది. ఎక్కువమంది రాసిన మాట ఒకటే: "26 ఓంలు వచ్చిందండి, కాయిల్ బాగానే ఉంది, అయినా గీజరు వేస్తే ఇల్లంతా కరెంటు పోతోంది."

కాయిల్ బాగుందని ఆ 26 చెప్పదు. లోపలి తీగ తెగలేదని మాత్రమే చెబుతుంది. కాలవ నీళ్ళు చివరి తూము దాకా పారుతున్నాయంటే గట్టుకి గండి లేదని కాదు కదా. తీగ తెగిందా అన్నది ఒక ప్రశ్న. ఆ తీగలోని కరెంటు చుట్టూ ఉన్న లోహపు గొట్టంలోకి, అక్కణ్ణించి ట్యాంకులోకి కారుతోందా అన్నది వేరే ప్రశ్న. ట్రిప్ అయ్యే గీజరుకి రెండోదే ముఖ్యం. ఆ కొలత మూడో పాఠం రెండో సగంలో ఉంది. మొదటి సగంలో అంకె సరిపోగానే చాలామంది కవరు బిగించేశారు.

వింత అంకెలు వచ్చినవాళ్ళ సంగతి త్వరగా తేల్చేద్దాం. 000 వచ్చిందంటే మీటరు నాబ్ 2000కె దగ్గర ఉంది. అక్కడ 26 ఓంలు దానికి కనబడవు, 200 దగ్గర పెట్టండి. 17, 18 వచ్చి కంగారుపడినవాళ్ళు గీజరు మీది రేకు చదవండి, మీది 3 కిలోవాట్లది. 230ని 230తో గుణిస్తే 52,900. దాన్ని వాట్లతో భాగిస్తే రావలసిన ఓంలు తెలుస్తాయి. 2000 వాట్లకి 26 చిల్లర, 3000 వాట్లకి 17 చిల్లర. కాస్త అటూ ఇటూ అయినా పరవాలేదు. 50, 70 అని ఊగిసలాడితే ఆకుపచ్చ చిలుము పట్టిన టెర్మినల్ మీద మీటరు ముల్లు ఆనించారన్నమాట. ఎమరీ కాగితంతో రుద్ది మళ్ళీ చూడండి.

పడింది ఏ స్విచ్చి?

"ట్రిప్పర్ పడింది" అంటే చాలదు. బోర్డులో రెండు రకాలుంటాయి. సన్నగా వరసగా ఉండేవి ఎంసీబీలు. వాటికంటే వెడల్పుగా ఉండి, మీద చిన్న టెస్ట్ బటనూ 30 మిల్లీఆంపియర్లు అన్న రాతా ఉండేది ఆర్సీసీబీ. మొదటిది ఎక్కువ కరెంటు లాగితే పడుతుంది. రెండోది వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే పడుతుంది.

వేసిన మరుక్షణం ఎంసీబీ పడితే ఎక్కడో ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రలు (తిరిగి వెళ్ళే తీగ) కలిసిపోయాయి. కవరు విప్పితే కాలిన టెర్మినలో, కరిగిన తీగో కనిపిస్తుంది. పావుగంట తర్వాత పడితే ఎంసీబీ చిన్నదై ఉండాలి, లేదా దాని స్క్రూ వదులై వేడెక్కుతూ ఉండాలి. 2 కిలోవాట్ల గీజరు 8.7 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. పడుతోంది కదా అని తీగ మార్చకుండా పెద్ద ఎంసీబీ వేయించకండి. అప్పుడు ఎంసీబీ నిలబడుతుంది, గోడలో తీగ కాలుతుంది. 2 కిలోవాట్లకి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 3 కిలోవాట్లకి 4.

వేసిన వెంటనే ఆర్సీసీబీ పడితే కాయిల్ తొడుగు చిల్లు పడి ఉండాలి, లేదా టెర్మినళ్ళ మీద తడి ఉండాలి. నీళ్ళు కాగుతుండగా పడితే తొడుగులో సన్నని చీలిక ఉంది, వేడికి అది తెరుచుకుంటోంది.

ఒక్కోసారి గీజరు స్విచ్చి ఆపేసే ఉంటుంది, అయినా ఆర్సీసీబీ పడుతుంది. "గీజరు ఆపేశాం, కాబట్టి తప్పు మోటారుది" అని మోటారు విప్పినవాళ్ళున్నారు. మామూలు స్విచ్చి ఫేజుని మాత్రమే తెంపుతుంది, న్యూట్రలు కలిసే ఉంటుంది. కాయిల్‌లో న్యూట్రలు వైపు కారుడుంటే, ఇంట్లో ఫ్రిజ్జో మోటారో ఆన్ అయినప్పుడు ఆ దారిన కొంత కరెంటు ఎర్త్‌లోకి పోతుంది. అందుకే స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. పీకాక ట్రిప్ ఆగితే దొంగ గీజరే.

ఎర్త్ తీగ తీసేసినవాళ్ళకి

ఈసారి పాఠం రాయడానికి అసలు కారణం ఇదే. "ఎర్త్ తీగ విప్పేశాక ట్రిప్ ఆగింది, సమస్య తీరింది" అని కొందరు సంతోషంగా రాశారు. ఇంకొందరి ఇళ్ళలో ఎలక్ట్రీషియనే వచ్చి తీసి వెళ్ళాడట. దయచేసి ఇప్పుడే లేచి ఆ ప్లగ్గు పీకేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఏం జరిగిందో చూడండి. కాయిల్ నుంచి కారిన కరెంటు ట్యాంకు మీదికొచ్చి, ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోయేది. తేడా రాగానే ఆర్సీసీబీ పడేది. మీరు తీగ తీశారు. కారుడు ఆగలేదు, దాని దారి మూసుకుపోయిందంతే. ఇప్పుడు ట్యాంకు మీద 230 వోల్టుల దాకా నిలబడి ఉండొచ్చు. ఆర్సీసీబీ తేడా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఆ తేడా రావాలంటే ఎవరో ఒకరు తడి కాళ్ళతో కుళాయి ముట్టుకోవాలి.

మాది ప్లాస్టిక్ గొట్టం, కరెంటు రాదు అంటారు. గొట్టంలో ఉన్నది నీళ్ళు. నీళ్ళలో కరిగిన ఉప్పు పది రెట్లు పెరిగితే వాటిలో పారే కరెంటు కూడా దాదాపు పది రెట్లు పెరుగుతుంది. రావులపాలెంలో కాలవ నీళ్ళకి చేతికి చిమచిమ అనిపించే లోపం, అంతర్వేది వైపు ఉప్పునీళ్ళ బోరుకి చెయ్యి వదిలించుకోలేని షాకు కావచ్చు. అది 30 మిల్లీఆంపియర్లకి తక్కువే ఉండి, ఆర్సీసీబీ కదలకపోనూవచ్చు. అందుకే "ఆర్సీసీబీ ఉందిగా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఆర్సీసీబీయే లేని పాత ఇంట్లో అయితే 16 ఆంపియర్ల ఎంసీబీ ఒక ఆంపియరు కారుతున్నా పడదు. ఆ ఇంట్లో ఎర్త్ ఒక్కటే దిక్కు.

దీనికి తమ్ముడు ఇంకోటుంది. సాకెట్లో ఎర్త్ రంధ్రానికీ న్యూట్రలుకీ చిన్న తీగ ముక్క వేసి లూపు చేస్తారు. ఎర్త్ ఉన్నట్టే కనిపిస్తుంది. వెనక ఎక్కడైనా న్యూట్రలు తెగిన రోజు గీజరు ఒంటి మీదికి పూర్తి ఫేజు వస్తుంది. సాకెట్ విప్పించినప్పుడు ఆ ముక్క కనబడితే తీయించి సరైన ఎర్త్ వేయించండి.

ఎర్త్ ఉందో లేదో తెలుసుకోవడానికి మీలో కొందరు చేసిన పరీక్షలు రెండూ సరిపోవు. ఆర్సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడింది కాబట్టి ఎర్త్ బాగుంది అన్నారు. ఆ బటన్‌కీ ఎర్త్‌కీ సంబంధం లేదు, ఎర్త్ గుంటే లేని ఇంట్లోనూ నొక్కితే పడుతుంది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెడితే 230 చూపింది అన్నారు. మీటరు లాగేది అతి కొద్ది కరెంటు కాబట్టి తుప్పుపట్టి వెంట్రుకంత మిగిలిన ఎర్త్ కూడా 230 చూపిస్తుంది. చూపకపోతే ఎర్త్ లేదని నమ్మొచ్చు, చూపితే ఉందని నమ్మకూడదు. డెల్టా నేల తడి నేల, ఎర్త్ ఇట్టే దొరుకుతుంది, నిజమే. కానీ మొగల్తూరు, అల్లవరం, కాట్రేనికోన లాంటి సముద్రపు దగ్గరి ఊళ్ళలో అదే ఉప్పు తడి ఇనప గొట్టాన్నీ, దానికి తీగ బిగించిన బోల్టునీ తినేస్తుంది. గుంట దగ్గర ఆ బోల్టు చూడండి. తుప్పు ముద్దగా ఉంటే ఎర్త్ టెస్టరు ఉన్న ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఈ పని మీది కాదు.

రెండో కొలత, కవరు విప్పకుండా

మూడో పాఠంలో కవరు విప్పి చూపించిన కొలతనే నేను ముందు ప్లగ్గు దగ్గర చేస్తాను. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గు పీకి, నీళ్ళు కాగాక కాయిల్‌ని ఆపే థర్మోస్టాట్‌కి నాబ్ ఉంటే పూర్తిగా పెంచండి. ప్లగ్గుకి పైన లావుగా ఉన్నది ఎర్త్ పిన్ను. కింద రెండు పిన్నుల మధ్య 26 (3 కిలోవాట్లదైతే 17) రావాలి. ఏమీ రాకపోతే థర్మోస్టాటో, వేడి మరీ మించితే కరెంటు తెంపే కటౌటో, కాయిలో తెగింది. అప్పుడు కవరు విప్పి ఒక్కొక్కటీ చూడాలి.

ఇప్పుడు నాబ్‌ని మీటరులో ఉన్న అతి పెద్ద ఓంల దగ్గరికి తిప్పండి. లావు పిన్నుకీ ఒక సన్న పిన్నుకీ, తర్వాత లావు పిన్నుకీ రెండో సన్న పిన్నుకీ మధ్య కొలవండి. వేళ్ళు ముళ్ళకి తగలకూడదు, తగిలితే మీ ఒంటినే కొలుస్తారు. రెండుసార్లూ ఓఎల్ అనో, ఎడమ పక్క ఒంటరి 1 అనో రావాలి, అంటే మీటరుకి అందే దారి లేదని. ఇక్కడ ఏ అంకె వచ్చినా, 000 వచ్చినా, కారుడు దొరికినట్టే. మీ గీజరుకి ఎర్త్ తీగ తీసేసి ఉంటే ఈ కొలతకి అర్థం లేదు, కవరు విప్పి ట్యాంకు మీది ఎర్త్ స్క్రూకి కొలవాలి.

మీటరు ఓఎల్ చూపినా ట్రిప్ అవుతుంటే మీటరు తప్పు కాదు. అది తన బ్యాటరీతో కొన్ని వోల్టులే పెట్టి చూస్తుంది. 500 వోల్టులు పెట్టి చూసేది మెగ్గర్. దానితో ఒక మెగాఓం కన్నా తక్కువ వస్తే కాయిల్ మార్చాల్సిందే.

కార్తీకం వచ్చాక మొదటి తలంటుకి గీజరు వేస్తే పడిందంటే, చిల్లు కాకుండా చెమ్మ కూడా కావచ్చు. కాయిల్ తొడుగులో తీగ చుట్టూ ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమ పీలుస్తుంది. నెలల తరబడి వాడకపోతే కొసల నుంచి చెమ్మ లోపలికి పోతుంది. కాయిల్ తీసి ఎండలో రెండు రోజులు ఉంచి మళ్ళీ కొలవండి. ఓఎల్‌కి వచ్చి, ట్రిప్ కూడా ఆగితే వాడొచ్చు. ఉప్పునీళ్ళ ఊళ్ళో అయితే నేను ఆరబెట్టను, కొత్తది వేసేస్తాను. ఎటూ విప్పాం, మళ్ళీ విప్పడం దండగ.

విప్పడం, నీళ్ళు దించడం రెండో పాఠంలో ఉంది, అది చూసుకోండి. కాయిల్ మీద తెల్ల గార ఉంటే లీటరు గోరువెచ్చటి నీళ్ళకి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, టెర్మినళ్ళు తడవకుండా గంటసేపు ముంచండి. కత్తితో గీకొద్దు. బాత్రూము కడిగే యాసిడ్ అసలే వద్దు, అది తొడుగుని తినేస్తుంది. ట్యాంకుకి బదులు తాను తుప్పుకి అరిగే మెగ్నీషియం కడ్డీ పక్కనే ఉంటుంది, అది సగానికి అరిగినా, మధ్యలో ఇనప ఊచ బయటపడినా మార్చండి. ఉప్పునీళ్ళకి అది త్వరగా కరుగుతుంది, ఏటా చూడాలి. కొత్త వాషరు వేసి, బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, వేడినీళ్ళ కుళాయి గాలి లేకుండా నిండుగా పారాకే ప్లగ్గు పెట్టండి. ఖాళీ ట్యాంకులో కాయిల్ కాసేపట్లోనే మాడిపోతుంది.

ఎప్పుడు వదిలేయాలి

కుళాయి దగ్గర షాకు కొడితే మీటరు తీయకండి. మెయిన్ ఆపి మనిషిని పిలవండి. సాకెట్ దగ్గర కాలిన వాసన వస్తే పిలవాల్సింది ఇంటి వైరింగు చేసేవాణ్ణి, గీజరు మెకానిక్‌ని కాదు. ట్యాంకు అతుకు దగ్గర కారితే ఎవరొచ్చినా చేసేదేమీ లేదు, గీజరు మార్చడమే. గ్యారంటీ ఉన్నదైతే కవరు ముట్టుకోకుండా కంపెనీ వాళ్ళకే చెప్పండి. గ్యాస్ గీజరు ఈ పాఠాల్లో లేదు. మంట ఎర్రగా, పసుపుగా వచ్చినా, బాత్రూములో తల తిరిగినా ఆపేసి బయటికి రండి, అది కార్బన్ మోనాక్సైడ్ సంగతి.

కటౌట్ బటన్ ఒకసారి నొక్కి చూడొచ్చు. మళ్ళీ పడితే థర్మోస్టాట్ అతుక్కుపోయింది. కటౌట్‌ని తీగతో కలిపేసి "ఇక పడదు" అనే మెకానిక్‌ని గడప దాటనివ్వకండి. థర్మోస్టాట్ ఆపక, కటౌట్ లేక, వాల్వు కూడా గారతో బిగుసుకుంటే ఆ ట్యాంకు పేలుతుంది.

మనిషిని పిలిచేటప్పుడు ఫోన్లో ఒకటే అడగండి: "మెగ్గర్ తెస్తారా?" తెచ్చేవాడైతే, కాయిల్ మార్చకముందూ మార్చాకా అంకె మీకు చూపించమనండి.

అభ్యాసం

ప్లగ్గు దగ్గర మూడు కొలతలూ చల్లటి గీజరుకి తీసి రాసుకోండి. ఎర్త్ పిన్ను దగ్గర రెండుసార్లూ ఓఎల్ వచ్చి, షాకు లేకపోతేనే తర్వాతి పని. గీజరు వేసి పది నిమిషాలు కాగాక ప్లగ్గు పీకి, వెంటనే మళ్ళీ మూడూ కొలవండి. చల్లగా ఓఎల్ ఉండి వేడికి అంకె వస్తే ఆ కాయిల్‌కి రోజులు దగ్గరపడ్డాయి. ఇవే కొలతలు ఇస్త్రీపెట్టెకి కూడా తీయండి, రావలసిన ఓంలు ముందే లెక్కగట్టి. 1000 వాట్లదైతే 53 దగ్గర రావాలి.

15 లీటర్లు, 2 కిలోవాట్ల గీజరు 25 డిగ్రీల నీళ్ళని 60కి తేవడానికి దాదాపు 18 నిమిషాలు, 0.6 యూనిట్లు తీసుకోవాలి. మీది ఎన్ని నిమిషాలకి ఆగుతోందో, అప్పుడు నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో రాయండి. నీళ్ళు అంతే వేడెక్కినా చాలా ఎక్కువసేపు పడితే కారణం ఏమిటో కూడా.

వచ్చే పాఠానికి కొలతలున్న గ్లాసు ఒకటి వాల్వు కింద పెట్టి ఉంచండి. ఒక్కసారి కాగితే పావు లీటరు దాకా కారడం మామూలే, నీళ్ళు వేడికి పొంగుతాయి. అంతకు మించితే ఎంతో రాసుకోండి. ఈలోగా ఆ కారే గొట్టానికి బిరడా కొట్టకండి.