ఎన్రికే సీడీని కారులోకి ఎక్కించడం ఎలా

ముందు అట్ట మీద పేరు చదవండి. స్పెయిన్ గాయకుడు ఎన్రికే ఇగ్లేసియాస్ హిట్స్ సీడీలు 2008లోనే రెండు వచ్చాయి. '95/08' స్పానిష్ పాటలది. ఇంగ్లిష్ 'హీరో' కావాలంటే 'గ్రేటెస్ట్ హిట్స్' తీసుకోవాలి. విశాఖ జగదాంబ జంక్షన్ దగ్గర అప్పట్లో నేను చూసుకోకుండా మొదటిదే పట్టుకొచ్చాను. రెండోది తర్వాత కొన్నాను.

తుడవడంలోనే ఉంది అసలు సంగతి. మా ఇల్లు బీచ్ రోడ్డు పక్కనే. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్లే ఆగదు, సీడీ ఎంత? మెత్తని నూలు గుడ్డ కాస్త తడిపి, మధ్య చిల్లు దగ్గర మొదలుపెట్టి అంచు దాకా తిన్నగా తుడవండి. గుండ్రంగా మాత్రం వద్దు. పాట చక్రంలా చుట్టలు చుట్టుకుని ఉంటుంది కాబట్టి అడ్డంగా పడ్డ గీతను ప్లేయర్ ఎలాగోలా సర్దుకుంటుంది. చుట్ట వెంబడే పడితే దాని వల్ల కాదు. నేను లుంగీ అంచుతో గిరగిరా తిప్పి తుడిచాను. ఇప్పటికీ 'హీరో' మధ్యలో నత్తిగా పాడుతుంది.

ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ సీడీ డ్రైవ్ తగిలించి, పాటల్ని 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) ఎంపీ3 ఫైళ్లుగా మార్చుకోండి. నిమిషం పాటకు సుమారు 2.4 ఎంబీ పడుతుంది. వాటిని ఎక్కించే పెన్‌డ్రైవ్‌ను ముందు ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేస్తే పాత కారు స్టీరియోలు కూడా చదువుతాయి. ఫైల్ పేర్ల ముందు 01, 02 అని వేయకపోతే వరస తప్పొచ్చు.

భీమిలి రోడ్డులో కలిసి పాడుకోవాలంటే మనకు పెద్ద ఇబ్బందేం లేదు. స్పానిష్ అచ్చులు దాదాపు మన అ, ఎ, ఇ, ఒ, ఉ లాగే పలుకుతాయి. జంట 'ర' వస్తే మాత్రం నాలుక గట్టిగా ఆడించాలి. "బండి ఱ లాగానా?" అంది మా అమ్మ వెనక సీట్లోంచి.