చేతులు జేబుల్లోంచి తీయండి: చలికాలంలో డాన్యూబ్ ఓడ ఎక్కబోయేవాళ్లకి

పోయిన డిసెంబరులో మా పెద్దమ్మ ఆస్ట్రియాలో డాన్యూబ్ నది ఒడ్డున మెల్క్ రేవు దగ్గర పడింది. ఉదయం ఎనిమిదిన్నర. మంచు కురవడం లేదు, గాలి లేదు, ఎండ కూడా వస్తోంది. కొండ మీద పసుప్పచ్చ మఠం కనబడుతుంటే అందరూ తలెత్తి చూస్తూ ఓడ దిగుతున్నారు. పెద్దమ్మ చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి. ర్యాంపు మీద నాలుగడుగులు కూడా వేయలేదు, కాలు ముందుకి జారింది. చేతులు జేబుల్లోంచి రానేలేదు. దుంగ పడ్డట్టు కుడి తుంటి మీద పడింది. ఆవిడ భుజానికున్న సంచీలోంచి బాదంపప్పులు ఒలికి, ర్యాంపు జాలీ సందుల్లోంచి ఒక్కొక్కటే నీళ్లలోకి రాలుతుంటే నేను వాటినే చూస్తూ నిలబడిపోయాను. ఎందుకలా నిలబడ్డానో ఇప్పటికీ తెలీదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, పదకొండు రోజులు ఆసుపత్రి. ఆ మధ్యాహ్నమే ఓడ వియన్నాకి వెళ్లిపోయింది. మా మిగతా సామాను మాకంటే ముందు బుడాపెస్ట్ చూసొచ్చింది.

మళ్లీ చలికాలం వస్తోంది. "అమ్మానాన్నల్ని క్రిస్మస్ సంతలకి ఓడ మీద తీసుకెళ్దామనుకుంటున్నాం, ఆఫ్ సీజన్ కదా, సగం ధరకి వస్తోంది, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని తెలిసినవాళ్లు అడుగుతున్నారు. థర్మల్స్ కొనుక్కోండి, పాస్‌పోర్ట్ జాగ్రత్త, మందులు చేతి సంచీలో పెట్టుకోండి అని నేను చెప్పను. అవి మీకు తెలుసు. నేను జర్మనీలోని నూరెంబర్గ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, చుట్టాల్ని ఇప్పటికి నాలుగుసార్లు ఓడ ఎక్కించాను. నా కళ్లముందు ముగ్గురు పడ్డారు. ముగ్గురి చేతులూ జేబుల్లోనే ఉన్నాయి.

ఓడ ప్రయాణం అనగానే మనవాళ్లకి మునిగిపోతామేమోనని భయం. తప్పు లేదు. 2019లో మనకి గోదావరిలో కచ్చులూరు పడవ ప్రమాదం జరిగింది. అదే ఏడాది మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో మార్గరెట్ వంతెన దగ్గర హబ్లెయాన్ అనే చిన్న పడవని పెద్ద క్రూయిజ్ ఓడ గుద్దితే, 35 మందిలో ఏడుగురే బయటపడ్డారు. కాబట్టి సేఫ్టీ డ్రిల్ జరిగేటప్పుడు కాఫీ తాగుతూ కూర్చోకండి. రాత్రి షికారుకి చిన్న పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఎక్కడుందో ముందే చూసుకోండి. కానీ మనం రోజూ పడుకునే పెద్ద ఓడ లోపల వెచ్చగా, కుదురుగా ఉంటుంది. ప్రమాదమల్లా ఓడకీ ఒడ్డుకీ మధ్య ఉన్న ఆ పది పన్నెండు అడుగుల్లోనే.

ఆ ర్యాంపు సంగతి కాస్త వివరంగా చెబుతాను. రేవు రాళ్లకి కింద నేల ఉంది, నేలలో కొంచెం వేడి మిగిలి ఉంటుంది. ర్యాంపు గాల్లో వేలాడుతుంది, దానికి పైనా చలే, కిందా చలే. పైగా కింద నది. డిసెంబరు తెల్లవారుజామున నీళ్లు గాలికంటే వెచ్చగా ఉంటాయి, అందుకే నది మీంచి పొగ లేస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది, అందరూ ఫొటోలు తీస్తారు. ఆ ఆవిరే చల్లటి లోహాన్ని తాకి గాజుపొరలా గడ్డకడుతుంది. అది తెల్లగా కనబడదు. తడిగా ఉందనుకుని కాలేస్తాం. ఓడ సిబ్బంది ఉప్పు చల్లుతారు, రబ్బరు పట్టాలు పరుస్తారు. అవి ర్యాంపు నడుముకి ఉంటాయి, చివర్లకి ఉండవు. జారేది చివర్లలోనే.

వాలు కూడా ఏ రోజుకారోజు మారిపోతుంది. డాన్యూబ్ మీద చాలాచోట్ల ఆనకట్టలూ లాకులూ ఉన్నాయి గానీ, జర్మనీలోని బవేరియాలో స్ట్రౌబింగ్ నుంచి విల్స్‌హోఫెన్ దాకా, ఆస్ట్రియాలో మెల్క్ కిందనుండే వాఖౌ లోయలో నది స్వేచ్ఛగా పారుతుంది. అలాంటిచోట నీటిమట్టం తొందరగా మారుతుంది. నిన్న చదునుగా ఉన్న ర్యాంపు ఇవాళ ఏటవాలుగా ఉండొచ్చు. నిన్నటి కాలి లెక్కతో ఇవాళ దిగితే మోకాలు మోసం చేస్తుంది.

రద్దీ రేవుల్లో రెండు మూడు ఓడల్ని పక్కపక్కన కట్టేస్తారు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి, దాంట్లోంచి ఒడ్డుకి దాటాలి. పక్కనుంచి ఏదైనా సరుకు పడవ వెళితే రెండు ఓడలూ రెండు తాళాల్లో ఊగుతాయి. గడప ఎత్తు, సందు ఇరుకు. ఇక్కడ కూడా చేతులు జేబుల్లోంచి తీయాలి. పాపికొండల లాంచీ ఎక్కేటప్పుడు బల్ల మీద నిలబడి ఒకబ్బాయి చెయ్యిచ్చి ఎక్కిస్తాడు కదా, ఇక్కడ కూడా అలాంటి అబ్బాయి ఉంటాడు. ఆయన చెయ్యి చాపితే పట్టుకోండి. "నాకేం, నేను నడవగలను" అని మొహమాటపడొద్దు. పట్టుకోవాలంటే మీ చెయ్యి బయట ఉండాలి కదా.

ఇంతకీ చేతులు జేబుల్లోకి ఎందుకు వెళతాయి? గ్లవ్స్ లేక. ఉన్నా, ఫొటో తీయడానికి కుడిచేతిది తీసి, ఆ చెయ్యి కొంకర్లు పోయి, జేబులో దూర్చుకుని. రెయిలింగు ఇనుము ముట్టుకుంటే ఝల్లుమని. గొడుగు ఒక చేతిలో, సంచీ ఒక చేతిలో ఉండి. వీటిలో ప్రతిదానికీ ముందే విరుగుడు ఉంది.

గ్లవ్స్ అరచేతికి రబ్బరు చుక్కలున్నవి కొనండి. ఉత్త ఉన్నివైతే తడి రెయిలింగు మీద సబ్బులా జారతాయి. రెండు జతలు. గొడుగు వద్దు, టోపీ ఉన్న రెయిన్‌కోటు చాలు. సంచీ భుజానికి అడ్డంగా వేసుకునేది. ఫోను మెడకి తాడు కట్టి, దిగేటప్పుడు కోటు లోపల. బూట్లు అడుగున లోతు గాళ్లున్నవి. మన వాకింగ్ షూస్ అడుగు అరిగి నున్నగా ఉంటుంది, అవి ఇంటిదగ్గర పార్కుకి పనికొస్తాయి. బూటుకి తొడిగే ముళ్ల రబ్బరు పట్టీలు ఇక్కడ పిల్లల ఆటవస్తువుల షాపుల్లో కాదు, స్పోర్ట్స్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి (మా నాన్న మొదటి దాంట్లో అరగంట వెతికారు). ఒడ్డున మంచు మీద అవి బ్రహ్మాండం. ఓడలోపలి టైల్సు మీద మాత్రం అవే జారుతాయి, గుమ్మంలోనే విప్పేయండి.

చీర గురించి. పెద్దావిడల్ని చీర మానెయ్యమనడానికి నాకు నోరు రాదు. కానీ తడిసిన కుచ్చిళ్లు చలికి అట్టలా బిగుసుకుపోతాయి, ర్యాంపు దిగుడులో బూటు మొనకి తగులుతాయి. రెండంగుళాలు ఎత్తి కట్టండి. లోపల థర్మల్ పైజామా ఎలాగూ కనబడదు. కనబడినా ఇక్కడెవరికీ పట్టదు.

నడక ఎలా ఉండాలంటే, వానాకాలంలో వరిచేను గట్టు మీద నడిచినట్టు. చిన్న అడుగులు, బరువంతా ముందుకాలి మీద, మోకాళ్లు కాస్త వంచి, పాదం పూర్తిగా ఆనాకే రెండో అడుగు. గట్టు మీద చేతులు జేబుల్లో పెట్టుకుని నడిచినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు.

ఇక డబ్బు సంగతి. షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలు తిరగడానికి ఇచ్చే ఒకటే వీసా) కనీసం 30,000 యూరోల బీమా అడుగుతారు. చాలామంది అన్నిటికంటే చవకది కొని, వీసా రాగానే మర్చిపోతారు. కొనేముందు ఈ మాటలు రాతపూర్వకంగా అడగండి: బీపీ, షుగరు, ఎముకల గుల్లతనం ముందునుంచీ ఉంటే ఎముక విరిగిన ఖర్చు ఇస్తారా? డెబ్బై దాటితే కవరేజి తగ్గుతుందా? పక్కనుండేవాళ్ల హోటల్ ఖర్చు వస్తుందా? తిరుగు విమానంలో కాలు చాపుకునే సీటుకి ఎవరు కడతారు? మాకు ఈ చివరిది తెలీదు. తుంటి ఆపరేషను అయినవాళ్లని మామూలు ఎకానమీ సీట్లో వెంటనే పంపడానికి డాక్టర్లు ఒప్పుకోరు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని.

ఆసుపత్రిలో ఉండగా వీసా గడువు దగ్గరపడితే కంగారుపడి డిశ్చార్జి అడగకండి. డాక్టరు ఉత్తరంతో, గడువు ముగిసేలోపే, అక్కడ వీసా పొడిగింపులు చూసే కార్యాలయానికి వెళ్లాలి. ఇలాంటి సందర్భాల్లో పొడిగించే వీలు షెంగెన్ నియమాల్లోనే ఉంది. ఇంకో మాట, ఓడ సెర్బియాలోని బెల్‌గ్రేడ్ దాకా వెళుతుంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉందో లేదో చూసుకోండి. సెర్బియా షెంగెన్‌లో లేదు. ఒకసారి బయటికెళితే సింగిల్ ఎంట్రీ అక్కడితో సరి.

మిగతావి ఎలా గుర్తొస్తే అలా రాస్తున్నాను.

ఓడ బయల్దేరే రోజునే విమానం దిగొద్దు. ఒక రాత్రి ముందు రండి. పొగమంచుకి విమానాలు ఆలస్యమవుతాయి, నిద్రలేని కాళ్లు జారతాయి.

నీళ్లు మరీ తగ్గినా పెరిగినా ఓడ ఆగిపోతుంది, మిగతా దారి బస్సులో తీసుకెళతారు, లేదా అవతల ఇంకో ఓడలోకి మారుస్తారు. 2017 జనవరిలో డాన్యూబ్ గడ్డకట్టి రాకపోకలే ఆపేశారు. పెట్టె మీరు ఒక్కచేత్తో ఈడ్చగలిగినంతే సర్దండి. రెండోచెయ్యి రెయిలింగుకి.

లాకుల్లో ఉన్నప్పుడు బాల్కనీలోంచి చెయ్యి బయటపెట్టొద్దు. ఓడ వెడల్పు 11.45 మీటర్లు, నూరెంబర్గ్ వైపు మైన్-డాన్యూబ్ కాలువలో లాకు 12 మీటర్లు. పక్కకి జానెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. అక్కడొక్కచోట మాత్రం చేతులు జేబుల్లో పెట్టుకోండి.

వంతెనలు వస్తున్నాయని పై డెక్కు ఖాళీ చేయమంటే వెంటనే దిగండి. ఇంకో ఫొటో వద్దు.

చీకటి నాలుగింటికే పడుతుంది. తిరిగొచ్చే ర్యాంపు పొద్దున మీరు దిగిన ర్యాంపు కాదు, ఎండకి కరిగిన నీళ్లు మళ్లీ గడ్డకట్టి ఉంటాయి.

మీరు సంతలో ఉండగా ఓడని వేరే రేవుకి మార్చొచ్చు. ఓడ పేరు, ఫోను నంబరు, బయల్దేరే టైము కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కాగితం జేబులో. చెయ్యి కాదు.

సంతల్లో అమ్మే గ్లూవైన్ ఉత్త ద్రాక్షరసం కాదు. మసాలా వేసి వేడిచేసిన వైను, అంటే మందే. మా బాబాయి జలుబుకి మంచిదని రెండు కప్పులు తాగి, మూడోది పట్టుకుని ర్యాంపెక్కబోయాడు. మందు లేనిది కావాలంటే కిండర్‌పున్ష్ అనండి.

ఆ మట్టికప్పులు ముచ్చటగా ఉంటాయి. సంచీలో పెట్టండి. చేత్తో పట్టుకుని ఎక్కొద్దు.

ఇన్సులిన్ కిటికీ బయట పెట్టొద్దు, చెకిన్ సూట్‌కేసులోనూ వద్దు. గడ్డకడితే పారేయాల్సిందే.

మనవరాల్ని ఎత్తుకుని దిగొద్దు. ఆ పిల్లని సిబ్బందికి ఇవ్వండి.

వెనకవాళ్లు ఆగుతున్నారని తొందరపడొద్దు. ఆగనివ్వండి.

ఎవరైనా పడితే లేపొద్దు. మనవాళ్లు పడగానే "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటారు. మా పెద్దమ్మ కూడా అదే అంది, విరిగిన తుంటితో. కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనబడితే అస్సలు కదపొద్దు. దుప్పటి కప్పండి. నీళ్లు, టీ ఏవీ ఇవ్వొద్దు, ఆపరేషను పడొచ్చు. 112కి ఫోను చేయమని సిబ్బందికి చెప్పండి.

రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకి తల తగిలితే, బాగానే ఉన్నామన్నా సరే, ఆసుపత్రికి.

మందుల జాబితా బ్రాండు పేర్లతో కాదు, అసలు మందు పేరుతో రాయించుకోండి. మన బ్రాండ్లు ఇక్కడి డాక్టర్లకి అర్థం కావు.

దిగే ముందు పెద్దవాళ్లని చేతులు చూపించమనండి. చిన్నపిల్లల్ని అడిగినట్టే అడగండి. కోప్పడితే కోప్పడనివ్వండి.

దిగేటప్పుడు రిసెప్షన్‌లో ఇచ్చే కార్డు ఎక్కగానే తిరిగిచ్చేయండి. ఇవ్వకపోతే మీరింకా ఒడ్డునే ఉన్నారనుకుని మైకులో పిలుస్తారు. మా నాన్న మర్చిపోయి గదిలో పడుకున్నారు. వేంకట సత్య సూర్యనారాయణ మూర్తి అన్న పేరు ఆ హంగేరీ అమ్మాయి మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ మధ్యలో వదిలేసింది.