స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తిని సొంతంగా తయారు చేయడం ఎలా?

కత్తి చేయడానికి కొలిమి, సమ్మెట ఉండాల్సిందేనని చాలామంది అనుకుంటారు. స్టెయిన్‌లెస్‌కి అవి అక్కర్లేదు. ఆకారం తేవడానికి పలకను కోసి అరగదీస్తే చాలు.

ముందు సరైన స్టీలు ఎంచుకోవాలి. గిన్నెలు చేసే 304 రకం ఎంత కాల్చి చల్లార్చినా గట్టిపడదు. అయస్కాంతం అంటుకుందని మురిసిపోకండి, 430 రకానికీ అంటుకుంటుంది, కత్తికి అదీ దండగే. 440సీ, 14సీ28ఎన్, ఏఈబీ-ఎల్ లాంటివి తీసుకోండి. మొదటి కత్తికి నా ఓటు ఏఈబీ-ఎల్‌కే. పదును తేలిగ్గా వస్తుంది. వంటింటి కత్తికి 2.5 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది.

అట్టముక్క మీద ఆకారం గీసి కత్తిరించండి. చేతిలో ఇమిడిందనిపించాకే స్టీలు మీదకు ఎక్కించి, హ్యాక్సాతో కోసి, ఆకురాయితో అంచులు సరిచేయండి. పిడి చెక్కలను పట్టి ఉంచే రివెట్లకు రంధ్రాలు ఇప్పుడే వేసేయాలి. గట్టిపడ్డాక మామూలు డ్రిల్ బిట్ దిగదు.

పదును రావాల్సిన అంచు మందానికి సరిగ్గా మధ్యలో ఒక గీత గీయండి. బెల్ట్ గ్రైండర్ మీద కాసేపు ఈ వైపు, కాసేపు ఆ వైపు తిప్పుతూ ఆ గీత వైపు వాలు తీయాలి. అంచు అర మిల్లీమీటరు మిగలగానే ఆపేయండి. ఇంకా పలచన చేస్తే కాల్చేటప్పుడు వంకరపోతుంది. రెస్పిరేటర్, కళ్లద్దాలు తప్పనిసరి. గ్లవ్స్ మాత్రం వద్దు, బెల్టు లాగేస్తుంది.

అసలు కత్తి తయారయ్యేది హీట్ ట్రీట్‌మెంట్‌లోనే, అంటే కాల్చి చల్లార్చి గట్టిపరచడంలోనే. ఏఈబీ-ఎల్‌ని స్టెయిన్‌లెస్ ఫాయిల్‌లో గాలి చొరకుండా చుట్టి, ఫర్నేస్‌లో సుమారు 1,070 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది నిమిషాలు ఉంచి, రెండు మందపాటి అల్యూమినియం పలకల మధ్య బిగించి చల్లార్చాలి. చల్లారాక కాసేపు డ్రై ఐస్‌లో పెడితే ఇంకా మంచిది. ఆ స్థితిలో కత్తి కిందపడితే విరిగే ప్రమాదం ఉంది. అందుకే వెంటనే 175–200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు, రెండుసార్లు టెంపరింగ్ చేయాలి, అంటే పెళుసుదనం తగ్గేలా తక్కువ వేడిలో ఉంచాలి. రంగు చూసి వేడిని అంచనా వేసే పద్ధతి ఇక్కడ చెల్లదు. ఫర్నేస్ లేకపోతే మొండికి పోకుండా హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్లకు ఇచ్చేయండి. గట్టిదనం రాక్‌వెల్ కొలమానంలో 60 దగ్గర కావాలని, ఏ రకం స్టీలో కూడా చెప్పండి.

తర్వాత మిగిలిన మందాన్ని కొత్త బెల్టుతో, మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ తీయండి. అంచు నీలంగా మారిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే. పిడి చెక్కల లోపలివైపు గరుకు చేసి, రివెట్లు దూర్చి ఎపాక్సీతో అతికించండి. క్లాంపుతో మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చేస్తుంది. చివరగా సానరాయి మీద ఒక్కో వైపు 15 డిగ్రీల కోణంలో పదును పెట్టండి.

కొన్నాళ్లు వాడి చూడండి. అంచు పెచ్చులూడుతుంటే కోణం 20 డిగ్రీలకు పెంచండి. పెచ్చులూడకుండా పక్కకు మడతపడుతుంటే తేడా బహుశా హీట్ ట్రీట్‌మెంట్‌లోనే ఉంది.